ఎడమ కాలా, కుడి కాలా? – ఆండ్రియాస్ బ్రేమె ఆట, జీవితం

తమ్ముళ్లూ, సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు నేను పి.జి.లో చదువుతున్న సబ్జెక్టు గురించి రాద్దామనుకున్నాను. రెండు పేజీలు రాశాక నాకే నిద్ర వచ్చింది. మీకు పరీక్షలో ఎలాగూ తప్పని పాఠాలు చాలా ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో లేని ఒక మనిషి గురించి రాస్తాను.

2024 ఫిబ్రవరి 21న యూనివర్సిటీ లైబ్రరీలో పేపరు తిరగేస్తుంటే ఆటల పేజీలో ఒక మూల చిన్న వార్త కనిపించింది. 1990 ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీని గెలిపించిన డిఫెండర్ ఆండ్రియాస్ బ్రేమె గుండె ఆగి మరణించాడు, వయసు 63 ఏళ్లు అని. పక్కన కూర్చున్న మిత్రుడికి చూపించాను. "ఎవరు?" అన్నాడు. వాడి తప్పేం లేదు. మెస్సీ, రొనాల్డో, మహా అయితే మారడోనా, ఇవే మనకు తెలిసిన పేర్లు. బ్యాక్ ఆడేవాడి పేరు ఎవరికి గుర్తుంటుంది?

నాకు గుర్తుండటానికి కారణం మన హాస్టల్ పి.ఇ.టి. సార్. ఏడో తరగతిలో నన్ను బ్యాక్‌లో పెట్టారు. బ్యాక్ అంటే మన గ్రౌండులో అర్థం మీకు తెలుసు. ఫార్వర్డ్‌కి పనికిరానివాడు, కొత్తగా చేరినవాడు, నాలాగా సన్నగా ఉన్నవాడు బ్యాక్. నేను మొహం ముడుచుకుంటే సార్ పిలిచి, "బ్రేమె అని ఒకడున్నాడ్రా జర్మనీలో. లెఫ్ట్ బ్యాక్. ప్రపంచకప్ ఫైనల్లో ఒకే ఒక్క గోలు, అది వాడిదే. ఎడమ కాలితో కొట్టాడా, కుడి కాలితో కొట్టాడా చెప్పు చూద్దాం" అన్నారు. నేను ఎడమ అన్నాను. "కాదు. కుడి. ఎందుకో ఆలోచించు" అని వెళ్లిపోయారు. ఆ మ్యాచ్‌ని సార్ తన చిన్నప్పుడు ఎవరింట్లోనో దూరదర్శన్‌లో చూశారట. మన టైములో రాత్రి పదకొండున్నరకు మొదలైంది.

ఆ 'ఎందుకు'కు జవాబు తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అదే ఈ వ్యాసం.

ముందు లెఫ్ట్ బ్యాక్ పని ఏమిటో చూద్దాం. గోల్‌కీపర్ ముందు వరుసలో ఎడమ పక్కన నిలబడేవాడు లెఫ్ట్ బ్యాక్. అవతలి జట్టులో ఆ పక్క నుంచి దూసుకొచ్చేవాణ్ని ఆపడం మొదటి పని. బంతి తమ చేతికి వచ్చినప్పుడు గీత వెంబడే ముందుకు పరుగెత్తి, అవతలి గోలు ముందుకు బంతిని ఎత్తి వేయడం రెండో పని. బంతి పోతే అంత దూరమూ మళ్లీ వెనక్కి పరుగెత్తుకు రావాలి. తొంభై నిమిషాలూ ఇదే వరస. అందుకని సాధారణంగా ఎడమ కాలివాటం ఉన్నవాణ్నే అక్కడ పెడతారు. గీత వైపు ఉండేది ఎడమ కాలే కదా. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఎదుటివాడికి నీ వాటం తెలిసిపోతుంది. ఎడమ పక్క దారి మూసేస్తే చాలు, నువ్వు ఆగిపోతావు. రెండు కాళ్లూ సమానంగా ఆడేవాడైతే ఏ పక్క మూయాలో ఎదుటివాడికి పాలుపోదు. ఎడమ మూస్తే లోపలికి తిరిగి కుడి కాలితో కొడతాడు. కుడి మూస్తే గీత వెంట పోతాడు.

బ్రేమె అలాంటివాడు. 1960 నవంబరు 9న జర్మనీ ఉత్తరాన హాంబర్గ్ రేవు పట్టణంలో పుట్టాడు. తొలి గురువు తండ్రి బెర్న్‌డ్. బార్మ్‌బెక్-ఊలెన్‌హోర్స్ట్ అనే చిన్న స్థానిక క్లబ్బులో కొడుకుకు ఆట నేర్పుతూ రెండు కాళ్లకూ సమానంగా పని చెప్పాడు. పుట్టుకతో వచ్చిన వాటం ఏదో, సాధనతో వచ్చినది ఏదో చివరికి ఎవరికీ తెలియకుండా పోయింది. జాతీయ జట్టు శిక్షకుడు బెకెన్‌బావరే, ఇన్నేళ్లుగా తెలిసినా ఇతనిది ఏ కాలివాటమో నాకు ఇప్పటికీ తెలియదని సరదాగా అనేవాడట.

ఇక్కడొక మాట. చిన్న క్లబ్బు అన్నాను గానీ మన లెక్కలో అది చిన్నదేం కాదు. జర్మనీలో పేట పేటకూ క్లబ్బు, క్లబ్బుకు గ్రౌండు, పిల్లల జట్లు ఉంటాయి. మనకు బాత్రూముల వెనక గోడే గ్రౌండు. సార్ నన్ను ఆ గోడ ముందు నిలబెట్టి ఎడమ కాలితో రోజుకు వంద కొట్టమన్నారు. నేను ముప్ఫై కొట్టి వంద అని చెప్పేవాణ్ని. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను సార్.

బ్రేమె 1980లో జార్‌బ్రుకెన్ జట్టులో, మరుసటి ఏడాది కైజర్స్‌లాటెర్న్‌లో చేరాడు. కైజర్స్‌లాటెర్న్ లక్ష జనాభా ఉన్న ఊరు. పెద్ద నగరమేం కాదు. కానీ 1954లో జర్మనీ మొదటిసారి ప్రపంచకప్ గెలిచినప్పుడు ఫైనల్ ఆడినవారిలో అయిదుగురు ఆ ఒక్క ఊరి క్లబ్బువాళ్లే. గుట్ట మీద ఉన్న వాళ్ల స్టేడియానికి నాటి కెప్టెన్ ఫ్రిట్జ్ వాల్టర్ పేరే పెట్టారు. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. అక్కడ అయిదేళ్లు ఆడి, జాతీయ జట్టులోకి వచ్చి, 1986లో దేశంలోకెల్లా పెద్ద క్లబ్బు బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లాడు. 1987లో లీగ్ గెలిచాడు.

1986 ప్రపంచకప్ మెక్సికోలో జరిగింది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య జట్టు మెక్సికోతో గోల్స్ లేకుండా డ్రా అయి పెనాల్టీల దాకా పోయింది. బ్రేమె వంతు వచ్చింది. ఎడమ కాలితో బలంగా కొట్టాడు, గోలయింది. సెమీస్‌లో ఫ్రాన్స్ మీద తొమ్మిదో నిమిషంలోనే ఫ్రీకిక్‌తో గోలు చేశాడు. ఫైనల్లో మారడోనా జట్టు అర్జెంటీనా 2-0తో ముందుంటే, బ్రేమె కొట్టిన రెండు కార్నర్ల నుంచే రుమెనిగె, ఫోలర్ చెరో గోలు చేసి సమం చేశారు. కానీ వెంటనే బుర్రుచాగా గోలు చేయడంతో 3-2తో కప్పు అర్జెంటీనాకు పోయింది.

1988లో సొంతగడ్డ మీద యూరో టోర్నీ తొలి మ్యాచ్. ఇటలీ గోల్‌కీపర్ జెంగా బంతి పట్టుకుని నిబంధన కన్నా ఎక్కువ అడుగులు వేశాడని రిఫరీ ఫ్రీకిక్ ఇచ్చాడు. బ్రేమె దాన్ని గోలు చేసి 1-1 చేశాడు. తమాషా ఏమిటంటే, కొద్ది వారాలకే ఆ జెంగా ఉన్న క్లబ్బులోనే చేరాడు. ఇటలీలోని మిలాన్ నగరపు ఇంటర్ క్లబ్బు అది. తోటి జర్మన్ లోథర్ మథాయస్ కూడా బయర్న్ నుంచి అతనితోపాటే వెళ్లాడు. అప్పట్లో ప్రపంచంలోని మేటి ఆటగాళ్లంతా ఇటలీలోనే ఉండేవారు. ఆ తొలి సీజన్లోనే, 1988–89లో, ఇంటర్ లీగ్ గెలిచింది. అప్పుడు గెలుపుకు రెండే పాయింట్లు. 34 మ్యాచుల్లో మొత్తం 68 పాయింట్లకు ఇంటర్‌కు 58 వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న మారడోనా జట్టు నాపోలీకి 47. తేడా మీరే చూడండి.

ఇక 1990.

ఆ ఏటి ప్రపంచకప్ కూడా ఇటలీలోనే. అప్పటికి బెర్లిన్ గోడ పడిపోయి కొన్ని నెలలే అయింది. (గోడ తెరుచుకున్నది 1989 నవంబరు 9న, అంటే బ్రేమె 29వ పుట్టినరోజున. కాకతాళీయమే అనుకోండి.) రెండు జర్మనీలు ఇంకా అధికారికంగా ఒకటి కాలేదు, అది అక్టోబరు 3న జరిగింది. కాబట్టి పశ్చిమ జర్మనీ పేరుతో ఆడిన చివరి ప్రపంచకప్ ఇదే.

రెండో రౌండులో నెదర్లాండ్స్. ఆడిన చోటు మిలాన్‌లోని సాన్ సీరో స్టేడియం, బ్రేమెకు ఇంటి గ్రౌండే. ఎదుటి జట్టులోని గుల్లిట్, రైకార్డ్, వాన్ బాస్టెన్ అదే ఊళ్లోని ఇంకో క్లబ్బు ఎ.సి. మిలాన్ ఆటగాళ్లు. అంటే ఒకే ఊరి రెండు పేటల వాళ్లు రెండు దేశాల చొక్కాలు తొడుక్కుని వచ్చారన్నమాట. 22వ నిమిషంలోనే ఫోలర్, రైకార్డ్ గొడవపడి ఇద్దరూ ఎర్రకార్డు చూశారు. రెండో సగంలో క్లిన్స్‌మన్ గోలు చేశాడు. ఆట చివరి పది నిమిషాల్లో బంతి ఎడమ పక్కన బ్రేమె దగ్గరికి వచ్చింది. ఎడమ కాలివాటం వాడైతే గీత వెంట పోవాల్సిన చోటు. బ్రేమె కుడి కాలితో బంతిని వంపు తిప్పి అవతలి మూలకు పంపాడు. కీపర్‌కు అందలేదు. 2-1తో జర్మనీ గెలిచింది. ఆ వీడియో దొరికితే చూడండి. ఇందాక చెప్పిన 'ఏ పక్క మూయాలో పాలుపోదు' అన్నది అక్కడ కళ్లకు కడుతుంది.

సెమీస్‌లో ఇంగ్లండ్ మీద అతను కొట్టిన ఫ్రీకిక్ అడ్డొచ్చిన పార్కర్ కాలికి తగిలి గాల్లోకి లేచి, వెనక్కి పరుగెడుతున్న కీపర్ షిల్టన్ తల మీదుగా లోపల పడింది. అది అదృష్టమే, ఒప్పుకోవాలి. మ్యాచ్ 1-1తో పెనాల్టీలకు పోతే జర్మనీ తరఫున మొట్టమొదట వెళ్లి కొట్టిందీ బ్రేమెనే.

జులై 8, రోమ్. ఫైనల్లో మళ్లీ అర్జెంటీనా, మళ్లీ మారడోనా. నిజం చెప్పాలంటే అది అందమైన మ్యాచ్ కాదు. అర్జెంటీనా గోలు కొట్టాలన్న ఆలోచనే లేనట్టు ఆడింది. మారడోనాను బుఖ్‌వాల్డ్ కదలనివ్వలేదు. 65వ నిమిషంలో మోన్సోన్‌కు ఎర్రకార్డు, ప్రపంచకప్ ఫైనల్లో ఎర్రకార్డు చూసిన మొదటివాడు అతనే. 85వ నిమిషంలో పెనాల్టీ ప్రాంతంలో ఫోలర్ పడిపోయాడు. సెన్సిని పడేశాడని మెక్సికో రిఫరీ కోడెసాల్ పెనాల్టీ ఇచ్చాడు. అర్జెంటీనా వాళ్లు రిఫరీ చుట్టూ మూగారు. అది అసలు పెనాల్టీయేనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే వీడియోలో ఆ తాకిడి చాలా తక్కువగానే కనిపిస్తుంది. అంతకుముందు కీపర్ ఆగెన్‌థాలర్‌ను పడేసినప్పుడు ఇవ్వాల్సిన పెనాల్టీ ఇవ్వలేదన్నదీ నిజమే.

జర్మనీకి పెనాల్టీలు కొట్టేది కెప్టెన్ మథాయస్. అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్లో చెకొస్లొవేకియాను గెలిచిన ఒకే ఒక్క గోలు అతను కొట్టిన పెనాల్టీయే. కానీ ఫైనల్ మొదటి సగంలో అతని బూటు దెబ్బతింది. విరామంలో వేరే జత వేసుకున్నాడు. కొత్త జత కాలికి ఇమడలేదు. కొత్త చెప్పులు కరిస్తే నడక ఎలా ఉంటుందో మనకు చెప్పక్కర్లేదు. మథాయస్ కొట్టనన్నాడు. బ్రేమె బంతి తీసుకున్నాడు.

ఎదురుగా ఉన్న కీపర్ గోయ్‌కోచియా. మొదటి కీపర్ కాలు విరిగితే లోపలికి వచ్చినవాడు. వచ్చి క్వార్టర్స్‌లో యుగోస్లావియా మీద రెండు, సెమీస్‌లో ఇటలీ మీద రెండు పెనాల్టీలు ఆపి జట్టును ఫైనల్ దాకా మోసుకొచ్చాడు. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. కొట్టే చోటు 11 మీటర్ల దూరం. అంత దగ్గర నుంచి గోలు కొట్టడం తేలికని కాగితం మీద లెక్క వేయొచ్చు. నాలుగేళ్ల క్రితం ఓడిన ఫైనల్ గుర్తున్నవాడికి, అయిదు నిమిషాల ఆట మిగిలి ఉన్నప్పుడు, ఆ లెక్క ఎంత పనికొస్తుందో నాకు తెలియదు.

బ్రేమె కుడి కాలితో కొట్టాడు. నేల మీదుగా, తన ఎడమ చేతి వైపు మూలకు. గోయ్‌కోచియా సరైన పక్కకే దూకాడు, బారెడు సాగాడు. అందలేదు. బంతి స్తంభాన్ని ఆనుకున్నంత పక్కగా లోపలికి పోయింది. 1-0. అదే ఫలితం.

ఇదిగో సార్ అడిగిన 'ఎందుకు'. ఎడమ కాలితో కొడితే బలం ఎక్కువ, కుడి కాలితో కొడితే గురి ఎక్కువ అని బ్రేమె నమ్మకం. అందుకే కార్నర్లు, ఫ్రీకిక్‌లు ఎక్కువగా ఎడమతో, పెనాల్టీలు ఎక్కువగా కుడితో. 1986లో మెక్సికో మీద ఎడమతో కొట్టినవాడు, 1990లో కీపర్ సరైన పక్కకు దూకినా అందని చోటు కావాలి కాబట్టి కుడిని ఎంచుకున్నాడు. రెండూ చేతనైనవాడికే ఎంచుకునే అవకాశం ఉంటుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. గత ఏడాది మా డిపార్టుమెంటులో సెమినార్ జరిగింది. మాట్లాడాల్సిన మిత్రుడికి ఆ ఉదయం జ్వరం. ప్రొఫెసర్ గారు మా బెంచీల వైపు చూసి, ఎవరైనా చెబుతారా అన్నారు. ఆ పేపరులో సగం రాసింది నేను. ప్రతి లెక్కా నాకు తెలుసు. ఇంగ్లీషులో తడబడితే నవ్వుతారేమోనని తల వంచుకుని కూర్చున్నాను. వేరొకరు లేచి కాగితం చూసి చదివేశారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ని. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, "సదువు బాగా సాగుతోందా నాయనా" అంటే ఊ అన్నాను. తర్వాత గదిలో ఒక్కణ్నే కూర్చుని ఆ 85వ నిమిషం వీడియో మళ్లీ పెట్టుకున్నాను. అంతకుముందు వరకు నేను బంతినే చూసేవాణ్ని. ఆ రాత్రి, మథాయస్ వెనక్కి తగ్గాక బ్రేమె బంతి పెట్టి నిలబడ్డ ఆ కాసేపటినే చూశాను.

ఆ ఏడాది యూరప్ మేటి ఆటగాడి ఓటింగులో మథాయస్ మొదటి స్థానం, ఇటలీ ఆటగాడు స్కిలాచి రెండు, బ్రేమె మూడు. ఒక బ్యాక్‌కు మూడో స్థానం రావడం చిన్న విషయం కాదు. 1991లో ఇంటర్‌తో యూఈఎఫ్ఏ కప్ గెలిచాడు. ఫైనల్లో ఓడింది రోమా, అందులో ఫోలర్ ఉన్నాడు. 1992 యూరోలో తొలి మ్యాచ్‌లోనే ఫోలర్ చేయి విరిగితే కెప్టెన్సీ బ్రేమెకు వచ్చింది. ఫైనల్లో డెన్మార్క్ చేతిలో 2-0 ఓటమి. 1994 ప్రపంచకప్ క్వార్టర్స్‌లో బల్గేరియా చేతిలో ఓడాక జాతీయ జట్టుకు సెలవు చెప్పాడు. మొత్తం 86 మ్యాచులు, 8 గోల్స్. ఎనిమిదింటిలో అయిదు ప్రపంచకప్‌లలో, యూరోలో కొట్టినవే.

స్పెయిన్‌లో ఒక సీజన్ ఆడి 1993లో కైజర్స్‌లాటెర్న్‌కే తిరిగొచ్చాడు. అప్పటికి వయసు 32. పెన్షన్ తీసుకోవడానికి వచ్చాడనుకునే వయసు. ఇక్కడే నాకు అతను ఇంకా దగ్గరైంది.

1996 మే 18, లీగ్ చివరి రోజు. కైజర్స్‌లాటెర్న్ లెవర్‌కుజెన్ ఊళ్లో ఆడుతోంది. గెలిస్తే పై లీగ్‌లో ఉంటుంది, లేదంటే రెండో డివిజన్‌కు పడిపోతుంది. లెవర్‌కుజెన్‌కు డ్రా చాలు. కూకా గోలుతో కైజర్స్‌లాటెర్న్ ముందంజ వేసింది. ఇంకో ఎనిమిది నిమిషాలుందనగా లెవర్‌కుజెన్ సమం చేసింది. 1-1. ఆ క్లబ్బు చరిత్రలో తొలిసారి కింది లీగ్‌కు పోయింది. లెవర్‌కుజెన్ జట్టులో ఉన్నది ఎవరనుకున్నారు? రూడి ఫోలర్. అది అతని ఆఖరి మ్యాచ్. ఆరేళ్ల క్రితం రోమ్‌లో పెనాల్టీ తెచ్చినవాడు, దాన్ని కొట్టినవాడు ఇప్పుడు రెండు పక్కల. మ్యాచ్ తర్వాత టీవీ కెమెరాల ముందు బ్రేమె ఫోలర్ భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. ప్రపంచ విజేత, 35 ఏళ్లవాడు.

వారానికి జర్మన్ కప్ ఫైనల్. కైజర్స్‌లాటెర్న్ 1-0తో గెలిచింది, కానీ బ్రేమెకు ఎర్రకార్డు. అతనికే ఒక మోటు మాట అలవాటు. కాలికి పేడ అంటిందంటే అంటిందే, అన్న అర్థం వచ్చే మాట. (అసలు మాట ఇంకా మోటు, వార్డెన్ సార్ అచ్చు వేయనివ్వరు.) దరిద్రం పట్టిందంటే వదలదని భావం. జర్మనీలో ఇప్పటికీ దాన్ని అతని పేరుతోనే చెప్పుకుంటారు.

వెళ్లిపోయి ఉండొచ్చు. వెళ్లలేదు. రెండో డివిజన్‌లో జట్టుతోనే ఉన్నాడు. 1997లో జట్టు మళ్లీ పైకి వచ్చింది. ఒట్టో రేహాగెల్ శిక్షణలో, వచ్చిన మొదటి ఏడాదే, 1998లో, ఏకంగా లీగ్ గెలిచింది. కింది నుంచి వచ్చిన ఏడాదే జర్మనీ లీగ్ గెలిచిన జట్టు అంతకుముందు ఇంకొకటి లేదు. ఆ సీజన్‌లో బ్రేమె ఆడింది కొద్ది మ్యాచులే. ఆ కప్పుతో ఆట ముగించాడు.

తర్వాతి జీవితం అంత వెలుగు కాదు. 2000 నుంచి 2002 దాకా అదే క్లబ్బుకు కోచ్‌గా చేశాడు. ఇంకొన్ని చోట్ల పనిచేశాడు. నిలదొక్కుకోలేదు. 2014 ప్రాంతంలో అప్పుల్లో ఉన్నాడని అక్కడి పత్రికలు రాశాయి. బెకెన్‌బావర్ బహిరంగంగానే, ఆండీకి సాయం చేయాల్సిన బాధ్యత మన మీద ఉందన్నట్టు మాట్లాడాడు. ఈ భాగం రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే సగం మనిషి గురించే చెప్పినట్టవుతుంది.

2024 జనవరి 7న బెకెన్‌బావర్ పోయాడు. ఆరు వారాలకే ఫిబ్రవరి 20న మ్యూనిక్‌లో బ్రేమె. అప్పటికి జర్మనీ జాతీయ జట్టు డైరెక్టర్‌గా ఉన్నది ఫోలరే. తన ఆప్తమిత్రుడు పోయాడని ఆయనే చెప్పుకున్నాడు.

నేను లైబ్రరీ బయటికొచ్చి పి.ఇ.టి. సార్‌కు ఫోన్ చేశాను. సార్ రిటైరయి ఊళ్లో ఉంటున్నారు. విషయం చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రోమ్‌లో ఏ కాలురా?" అన్నారు.

"కుడి సార్."

"మెక్సికో మీద?"

"ఎడమ."

"ఊ" అన్నారు. "వంద కొట్టావా, ముప్ఫైయేనా అప్పట్లో?"